పాలపన్ను, అత్తగారి ఒడి

నా కూతురి నోట్లో బ్రష్షు పెట్టాలంటే ముందు పిల్లని మా అత్తగారి దుప్పట్లోంచి బయటికి లాగాలి. నాలుగున్నరేళ్ళ పిల్ల ఆవిడ మెడ చుట్టూ చెయ్యి వేసుకుని, ఆవిడ గాలే పీలుస్తున్నట్టు పడుకుంటుంది. కెన్యా కొండల్లో మా లిమూరు చలిలో తెల్లారకుండా లేవడం ఎవరికిష్టం? నేను బ్రష్షు పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఆవిడ కళ్ళు తెరవకుండానే, "న్యాకియో, పోలీసులొచ్చారే" అంటుంది. పిల్ల కిలకిలా నవ్వి దుప్పటి మొహం మీదికి లాక్కుంటుంది. దవడ పట్టుకుని తెరిపిస్తే ఏడుపు. ఆ ఏడుపు చెవిలో పెట్టుకుని నేను మటాటూ వ్యాను ఎక్కుతాను. నైరోబీలో హోటల్ కౌంటర్ వెనక నిలబడి, వచ్చే పోయేవాళ్ళకి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతాను. "నీకు జీతం ఇచ్చేది ఆ నవ్వుకే, వమూయూ, మర్చిపోకు" అంటాడు మా మేనేజరు.

పిల్ల పేరు న్యాకియో. మా అత్తగారి పేరూ న్యాకియోనే. మాలో అంతే. మొదటి కొడుక్కి మొగుడి తండ్రి పేరు, మొదటి కూతురికి మొగుడి తల్లి పేరు. అందుకే మా పెద్దవాడు గచేరు, వాళ్ళ తాత గచేరు. రెండో ఆడపిల్ల పుడితే అప్పుడు మా అమ్మ పేరు పెట్టుకోవచ్చు. అది పుట్టనే లేదు. పేరు పెట్టిన రోజే అత్తగారు పిల్లని ఒళ్ళోకి తీసుకుని, "ఇది నేనే" అంది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ముద్దుమాటే అనుకున్నాను. ఆవిడ దాన్ని హక్కుగా తీసుకుందని తర్వాత తెలిసింది. నేను పిల్లని కసిరితే, "నన్ను కన్నదానివి నువ్వే కదే నా తల్లీ, నన్నే తిడతావా?" అంటుంది. ఇంట్లో అందరూ నవ్వుతారు. ఆ నవ్వులో నా కోపం కొట్టుకుపోతుంది.

మా ఆయన కినూథియా ఇంటికి రాగానే "మైతూ ఏదీ?" అంటాడు. అంటే అమ్మ ఏదీ అని. కన్నతల్లి కోసం అడిగాడో కూతురి కోసం అడిగాడో నేనెప్పుడూ అడగలేదు. ఇద్దరూ ఒకే కుర్చీలో ఉంటారు కనక అడగాల్సిన పనీ పడలేదు. నేను మాత్రం వంటింట్లో ఉంటాను. హోటల్ బట్టలు విప్పకుండానే పొయ్యి దగ్గరికి వెళ్ళాలి, మొక్కజొన్నపిండితో ఉగాలి కలపాలి, ఆకుకూర తరగాలి, గచేరు స్కూలు చొక్కా ఉతకాలి. గోడ అవతల అత్తగారు కుందేలూ హైనా కథ చెబుతుంటుంది. పిల్ల "తర్వాత? తర్వాత?" అంటుంటుంది. ఆ కథ ముగింపేమిటో నాకు ఈనాటికీ తెలియదు. సరిగ్గా అప్పుడే నా కుండ పొంగుతుంది.

నాకు అసూయ. ముసలావిడ మీద, అరవై దాటిన మనిషి మీద, నా మొగుడి తల్లి మీద కడుపు మండిపోయేంత అసూయ. చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని కూడా ఆవిడ ఒళ్ళో ఉన్న నా పిల్ల చెప్పులు చూస్తూ మండిపోయాను. చెబితే ఎవరైనా నవ్వుతారు. "పిల్లని చూసుకునే అత్త దొరకడం నీ అదృష్టం" అంటారు. మా ఆయన అన్నాడు కూడా.

ఆవిడ దగ్గర ఒక సీసా ఉంది. పాలు, టీ, చక్కెర కలిపి మరిగించి అందులో పోస్తుంది. పిల్ల అది చప్పరిస్తూ నిద్రపోతుంది. వద్దంటే, "నా పళ్ళు చూడు" అని ఆవిడ నోరు తెరిచి చూపిస్తుంది. మా వైపు బావుల నీళ్ళకి గోధుమరంగు పట్టిన పళ్ళు. రాళ్ళలా ఉన్నాయి, ఒక్కటీ ఊడలేదు. కినూథియా కూడా తన పళ్ళు చూపించి, "మమ్మల్నీ ఆవిడే పెంచింది" అన్నాడు. నేనేం చూపించను? హోటల్లో చూపించేవే ఉన్నాయి.

పిల్ల ఒక పక్కనే నమలడం మొదలుపెట్టింది. అన్నం ముందు పెట్టుకుని ఏడ్చేది. దీపం దగ్గర నోరు తెరిపించి చూస్తే, కింద వెనక దవడ పన్నులో నల్లటి గొయ్యి. "పాలపన్నే కదా, ఊడిపోయేదే" అంది అత్తగారు. హోటల్లో సెలవడిగితే, "పాలపన్నుకి సెలవా?" అన్నాడు మేనేజరు.

మొదటిసారి పళ్ళ డాక్టరు దగ్గరికి నేను ఒక్కదాన్నే తీసుకెళ్ళాను. అత్తగారు చెప్పులేసుకుని గుమ్మంలోకి వచ్చింది. "మీరెందుకు, మోకాళ్ళ నొప్పులతో" అన్నాను. మోకాళ్ళ మీద జాలితో కాదు. ఆ ఒక్క పూటైనా పిల్ల నన్ను పట్టుకుని ఏడవాలని, నొప్పిలో దానికి నేను తప్ప దిక్కులేకుండా ఉండాలని.

డాక్టరమ్మ పేరు మ్వెండే. బొమ్మల గోడలు, మెత్తటి గొంతు. ఎక్స్‌రే చూసి చెప్పింది, "పిప్పి లోపలి నరం దాకా వెళ్ళింది. వేళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి. నరంలో పాడైన పైభాగం వరకూ తీసేసి, మందు పెట్టి, పైన వెండి రంగు తొడుగు వేస్తే ఈ పన్ను నిలబడుతుంది. దీని కింది నుంచి పెద్ద పన్ను రావడానికి ఇంకా ఆరేడేళ్ళు పడుతుందమ్మా. అంతదాకా ఆ చోటు కాపాడాల్సింది ఇదే."

పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. అది విల్లులా వంగి, నా పొట్టలో తన్ని, డాక్టరమ్మ వేలు కొరికి, గది అదిరిపోయేలా అరిచింది. "షోషో! షోషో కావాలి!" నానమ్మ కావాలట. నేను గట్టిగా పట్టుకున్నకొద్దీ నా చేతుల్లోంచి జారిపోయింది. డాక్టరమ్మ సూది పక్కన పెట్టేసింది.

"ఎవరి ఒళ్ళో అయితే కదలకుండా ఉంటుందో వాళ్ళని తీసుకురండి. ఆలస్యం చెయ్యకండి. చీము పట్టిందంటే ఇక పీకడమే."

ఇంటికొచ్చి, కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండా ఆ మాట అత్తగారికి చెప్పాను.

"నీ చేత కాలేదా, నా తల్లీ?" అంది ఆవిడ. నవ్వింది కూడా.

రెండోసారి ఆవిడ ఆదివారం గుడ్డ తలకి కట్టుకుని బయల్దేరింది. కుర్చీలో ఆవిడ, ఆవిడ ఒళ్ళో నా కూతురు. పిల్లిపిల్లలా ముడుచుకుంది. సూది దగ్గర ఒక్క మూలుగు, అంతే. నేను గోడకి ఆనుకుని ఇద్దరి చెప్పులూ, ఆవిడ చేతిసంచీ, పిల్ల స్వెట్టరూ పట్టుకుని నిలబడ్డాను. బాగా జరగాలని దేవుణ్ణి మొక్కుకుంటున్నాను. అంత బాగా జరుగుతున్నందుకు ఏడుపొస్తోంది.

మిషన్ కుయ్యిమంది. కాసేపటికి దూది మీద ఎర్రగా కనబడింది. పిల్ల ఏడవలేదు. అత్తగారే వణికింది.

"ఆపండి" అంది. "ఆపమంటుంటే! ఊడిపోయే పన్నుకి ఇంత నెత్తురా? నేను తీసుకుపోతాను." రెండు చేతులతో పిల్లని ఎత్తుకుని లేవబోయింది.

"లేవకండి! పన్ను తెరిచి ఉంది" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు వదిలేస్తే పన్ను పోయినట్టే."

చేతిలోవన్నీ కింద పడేశాను. కుర్చీ వెనక్కి వెళ్ళి అత్తగారి భుజాల మీద రెండు చేతులూ వేసి నొక్కాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిణ్ణి అలా తాకలేదు. "కూర్చోండి" అన్నాను. అది నా గొంతేనా అనిపించింది. "కదలకండి. అది మీరు కాదు. అది నా పిల్ల."

ఆవిడ కూర్చుంది. ఒడి ఆవిడది, ఆ ఒడిని కదలకుండా పట్టుకున్నది నేను. వెనక్కి తల వాల్చిన పిల్లకి ఇప్పుడు పైన కనిపిస్తున్నది నా మొహం. కళ్ళు పెద్దవి చేసి తలకిందులుగా నన్నే చూసింది. "నన్నే చూడు" అని నవ్వాను. చూసింది. మందు పెట్టేదాకా, తొడుగు అదిమేదాకా, "ఇప్పుడు గట్టిగా కొరుకు" అని డాక్టరమ్మ అనేదాకా చూపు తిప్పలేదు. హోటల్లో వేలమందికి నవ్వాను. నా నవ్వు అలా పట్టుకుని వేలాడినవాళ్ళు ఎవరూ లేరు.

"సీసాలో టీ మానెయ్యాలి" అంది డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ. "పడుకునే ముందు పళ్ళు ఎవరు తోముతారు?"

నేను వంగి కింద పడిన చెప్పులు ఏరుకున్నాను.

తిరుగు మటాటూలో పిల్ల ఆవిడ ఒళ్ళోనే నిద్రపోయింది. మొద్దుబారిన పెదవి మూల నుంచి చొంగ కారి ఆవిడ ఆదివారం బట్టల మీద పడుతోంది. టీ తోటల పచ్చదనం మొదలయ్యాక ఆవిడ కిటికీలోంచి చూస్తూనే అంది.

"సీసా ఎందుకిచ్చేదాన్నో తెలుసా? తియ్యగా లేకపోతే నీ దగ్గరికి పోతుందని."

నేనొక్కదాన్నే మండుతున్నానని అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"మా వైథీరా ఉందే," అంది. వైథీరా మా ఆడపడుచు. నకూరులో ఉంటుంది, క్రిస్మస్‌కి వచ్చి తల్లితో చుట్టపుచూపుగా మాట్లాడి వెళుతుంది. "దానికి మా అత్త పేరు. పాలు మాన్పించగానే మా అత్త తన గుడిసెకి తీసుకుపోయింది. పొలంలో నడుం వంచి పని చేస్తూ, ఆవిడ వీపున నా పిల్ల వెళుతుంటే చూసేదాన్ని. 'ఓర్చుకో, నీ పేరున్న పిల్ల నీకొస్తుంది' అన్నారంతా. ఓర్చుకున్నాను. వచ్చింది." పిల్ల జుట్టు సర్దింది. "నువ్వూ ఓర్చుకో. గచేరుకి పెళ్ళవుతుంది. వాడి కూతురు నీ పేరుతో పుడుతుంది. నీ వంతూ వస్తుంది."

ప్రేమగానే అంది. ఆవిడ దగ్గరున్న ఓదార్పంతా అదే. ఒక్క క్షణం ఆ మనవరాలు నాకు కనిపించింది. నా దుప్పట్లో, నా మెడ చుట్టూ చెయ్యి. గుమ్మంలో బ్రష్షు పట్టుకుని ఎవరో పిల్ల, అలిసిపోయిన కళ్ళతో, ముఖం తెలియని నా కోడలు. ఆ పిల్ల కడుపు కూడా ఇలాగే మండుతుంది. ముసలావిడ మీద జాలేసింది. నా అసూయ మాత్రం పోలేదు. ఉండనీ. అది నాకు కావలసినదేమిటో తెలిసిన అసూయ.

"నాకు ఆ వంతు వద్దు అత్తమ్మా," అన్నాను. "ఇవాళ్టి నుంచి సాయంత్రం వంట నేను చెయ్యను. మీ అబ్బాయి చేస్తాడో, మీరు చేస్తారో మీ ఇష్టం. దీని పళ్ళు నేను తోముతాను. కథ కూడా నేనే చెబుతాను. కుందేలు చివరికి ఏమైందో నాకు నేర్పండి."

నేను చేతులు చాపాను. ఆవిడ చేతులు బిగుసుకున్నాయి, తర్వాత మెల్లగా వదులయ్యాయి. నిద్రలో బరువెక్కిన పిల్లని నా ఒళ్ళోకి లాక్కున్నాను. కుదుపుకి సగం కళ్ళు తెరిచి, వంకర పోయిన పెదవితో అడిగింది.

"షోషో?"

"కాదు," అన్నాను. "అమ్మని."