సెలవులకు వచ్చిన పిల్ల

చలికాలం సెలవులకు కూతురు ఖాలియున్ ఇంటికొస్తుందని త్సెర్మా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసింది. ఆరేళ్ళ పిల్లని ఎక్కడో బడి ఉన్న ఊళ్ళో హాస్టల్లో వదిలేసి, ఇక్కడ కొండ వెనక గొర్రెలతో, మేకలతో డేరాలో కాపురం. మందలున్న ప్రతి ఇంటిదీ ఇదే కథ కాబట్టి, ఏడవడానికి కూడా ఆమెకు సిగ్గేసేది. పిల్లకి పెట్టాలని మంచి కొవ్వున్న మాంసం దాచింది, మీగడ దాచింది.

ఖాలియున్ వచ్చింది. వ్యాను దగ్గరే తల్లి వాటేసుకుని, ముద్దుకి బదులు వాళ్ళ అలవాటు ప్రకారం బుగ్గలు వాసన చూస్తుంటే, సూది మందుకి నిలబడ్డట్టు బిగుసుకుని నిలబడింది. డేరాలోకి రాగానే బూట్లు విప్పి జతగా పెట్టింది. ఆ ఇంట్లో ఎవరూ బూట్లు విప్పరు. పొద్దున్నే దుప్పటి మూలలు కలిపి మడిచి, ఎవరో వచ్చి చూసి వెళ్ళాలన్నట్టు పక్కనే నిలబడింది.

"అబ్బో, ఎంత బుద్ధి నేర్పారే నీకు!" అని తండ్రి డొర్లిగ్ మురిసిపోయాడు. మగాళ్ళకి మడిచిన దుప్పటి కనిపిస్తుంది గానీ పక్కనున్న పిల్ల మొహం కనిపించదు. త్సెర్మా పళ్ళు కొరుక్కుని టీ కాచింది.

ఆ మధ్యాహ్నం పిల్ల వేలెత్తి తల్లినే అడిగింది. "టీచర్, బయటికి వెళ్ళొచ్చా?"

డొర్లిగ్ పెళ్ళాం వంక చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇంట్లో కూర్చునే టీచరు ఉద్యోగం కొట్టావే! ఇక నాతోనూ గోడకుర్చీ వేయిస్తావు కాబోలు."

పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. త్సెర్మా కూడా నవ్వింది. నవ్వి, దొడ్లోకి పోయి, ఒక గొర్రె వీపు మీద చేతులు ఆనించి చాలాసేపు ఉండిపోయింది.

సెలవులు అయిపోయేలోగా పిల్ల మళ్ళీ తనది కావాలి, అంతే. గొర్రె కాళ్ళ కీలుఎముకల్ని గవ్వల్లా విసిరి ఆటలాడించింది. పక్కలో పడుకోబెట్టుకుంది. అయినా పిల్ల మంచం అంచుకి జరిగి, కదలకుండా పడుకునేది. మారాం లేదు, ఏడుపు లేదు. ఇంటికొచ్చిన చుట్టమైనా ఇంతకన్నా నయం, ఉప్పు తక్కువైందని అంటాడు.

ఒకరోజు పిడకల గంపతో లోపలికొచ్చేసరికి, పిల్ల పొయ్యి పక్కన చెయ్యి పొట్టకి అదుముకుని నిలబడి ఉంది. విడదీసి చూస్తే అరచెయ్యి బొబ్బలెక్కింది.

"ఎప్పుడు కాలిందే?"

"ఇందాక."

"ఇంత కాలితే పిలవవేం? గుమ్మం బయటే ఉన్నాగా!"

"పిలిస్తే ఎవరూ రారుగా," అంది ఖాలియున్, మంచు తెల్లగా ఉంటుందని చెప్పినట్టు. "ఏడిస్తే పక్క మంచాలవాళ్ళు లేస్తారు. అందుకని నోట్లో దుప్పటి పెట్టుకోవాలి."

త్సెర్మా ఆ చేతికి గుడ్డ కట్టింది. డొర్లిగ్ మంద తోలుకుని రాగానే, టోపీ కూడా తియ్యనివ్వలేదు.

"నేనూ ఊళ్ళోకి పోతానయ్యా. మా పిన్నికూతురి పెరట్లో చిన్న డేరా వేసుకుని దీంతో ఉంటాను."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ నువ్వుంటావు."

"మంద ఈనే కాలంలో, ఒక్కణ్ణా? మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"నువ్వు పెద్దోడివి. పిలిస్తే ఎవరూ రారని తెలిసినా బతుకుతావు. దానికి ఇప్పుడే తెలియకూడదు."

డొర్లిగ్ పిల్ల చేతి కట్టు వంక చూశాడు. పొయ్యి కెలికాడు. మళ్ళీ కెలికాడు. "పోనీలే. నీ నస లేకపోతే మేకలైనా సుఖపడతాయి," అన్నాడు. ఆ మాటకి ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

సెలవులయ్యాక పెట్టెలన్నీ అతనే వ్యాను ఎక్కించాడు. కూతురి నెత్తి వాసన చూసి, గొర్రెలు అరుస్తున్నాయన్న వంకతో పక్కకి తిరిగాడు. వ్యాను కదిలింది.

"నాన్న ఎక్కలేదేం?" అడిగింది ఖాలియున్.

"నాన్న రాడమ్మా. మంద ఉందిగా."

"మరి నాన్నకి టీ ఎవరు కాస్తారు?"

"ఆయనే కాచుకుంటాడు."

పిల్ల వెనక అద్దంలోంచి చూసింది. ఒక్కసారిగా వ్యాను అదిరేలా బావురుమంది. "నాన్న ఒక్కడే ఉన్నాడు! అమ్మా, ఆపమనవే! అమ్మా!"

"పిల్లని ఊరుకోబెట్టమ్మా, తల పగిలిపోతోంది," అన్నాడు డ్రైవరు.

"ఏడవనీ! నువ్వు దారి చూసి నడుపు," అని కసిరింది త్సెర్మా. తన్నుకుంటున్న పిల్లని గుండెకి అదుముకుంది. ఇన్నాళ్ళూ ఆమె ఎదురుచూసింది ఈ ఏడుపు కోసమే. వెనక డొర్లిగ్ చిన్న చుక్కైపోయాడు. అంత దూరానికి ఈ గొంతు చేరదు. చేరితే బాగుండునని ఒకపక్క, చేరకపోవడమే మంచిదని ఒకపక్క అనిపించి, త్సెర్మా కూడా గట్టిగా ఏడ్చేసింది.