నడుంలోతు నీళ్ళు

"ఇవాళ పల్చగా ఉంది," అన్నాడు ఆంబ్రోజ్ గ్లాసు బల్ల మీద పెడుతూ. తాళాలు తీసుకుని వ్యాను తుడవడానికి బయటికి వెళ్ళిపోయాడు.

మార్సెలిన్ గ్లాసు కడగడానికి తీసుకుంది. పల్చగా ఎందుకుందో ఆమెకు తెలుసు. కాస్ట్రీస్ బజారులో ఈసారి దొరికిన సముద్రపు నాచు ముదురుది, పైగా వానలో తడిసి మళ్ళీ ఎండినది. అలాంటిది ఎంత ఉడికించినా జిగురు దిగదు. అయినా రాత్రి దాన్ని నాలుగు నీళ్ళు పోసి కడిగింది, ఇసుకా గవ్వముక్కలూ ఏరింది, నిమ్మకాయ పిండి నానబెట్టింది. తెల్లారకముందే లేచి ఉడికించి, మిక్సీలో తిప్పి, డబ్బా పాలూ దాల్చినచెక్కా జాజికాయా కలిపింది. మగవాడికి బలమని పెద్ద గ్లాసు మొగుడు ఆంబ్రోజ్ కి, చిన్న కప్పు మోకాళ్ళ నొప్పుల అత్తగారికి. గిన్నె అడుగున అంటుకున్నది ఆమెది. వేలితో గీరి నోట్లో పెట్టుకుంటుంటే అత్తగారు ఒకసారి చూసి నవ్వింది. "ఆడదానికి అంత బలం ఎందుకమ్మాయ్? బలం ఎక్కువైతే మాట వినదు." ఆవిడ అది సరదాకే అంది. ఈ ఇంట్లో మాటలన్నీ సరదాకే అంటారు. ఆంబ్రోజ్ కూడా స్నేహితుల ముందు గ్లాసెత్తి, ఇది తాగినన్నాళ్ళూ మా ఆవిడకి దిగులు లేదు అంటాడు. వాళ్ళు గొల్లున నవ్వుతారు. మార్సెలిన్ ఉప్పుచేప వేపుతూ వాళ్ళకు వీపు తిప్పి నిలబడుతుంది. ఆ బలం ఏ ఊళ్ళో, ఎవరి దగ్గర ఖర్చవుతోందో ఆమెకు తెలియదని వాళ్ళనుకుంటారు.

పగలంతా ఆమె చేతుల్లో అదే నాచు ఉంటుంది. ఉత్తరపు తీరంలో ఉన్న హోటల్లో, చల్లటి గదిలో, వెల్లకిలా పడుకున్న విదేశీ ఆడవాళ్ళ ముఖాలకు దాన్ని మెత్తగా పూస్తుంది. వాళ్ళు కళ్ళు మూసుకుని అడుగుతారు, నువ్వు కూడా రోజూ వాడతావా అని. అడిగితే ఏం చెప్పాలో మేనేజరు కెరీన్ నేర్పింది. అవునండీ, రోజూ పొద్దున్నే ఒక గ్లాసు, మా అమ్మమ్మ నాటి అలవాటు అని చెప్పాలి. మార్సెలిన్ అలాగే చెప్పేది. అమ్మమ్మ మాట అబద్ధం కాదు కాబట్టి మిగతాది కూడా నోట్లోంచి సులువుగానే వచ్చేసేది. వాళ్ళ బుగ్గలు మెరుస్తుంటే తన అరచేతుల చర్మం పొట్టులా లేవడం చూసుకుని, చేతులు వెనక్కి పెట్టుకునేది.

నాచు డబ్బా మూత తీయగానే ఆ ఉప్పు వాసన ముక్కుకి తగిలేది, అంతే, ఆమె ఆ గదిలో ఉండేది కాదు. పుట్టినూరు ప్రాలాన్ లో, సముద్రపు మలుపులో ఉండేది. అమ్మ సిల్వానీ పక్కన, నడుంలోతు నీళ్ళలో, కాలివేళ్ళ మధ్య మెత్తటి బురద. నాచు పెంచడానికి ఖాళీ సీసాలు కట్టి తేలవేసిన తాళ్ళు బారుగా సాగి ఉండేవి. వాటికి ఊదారంగు నాచు గుత్తులు వేలాడుతుండేవి. అమ్మ పెద్దగా మాట్లాడేది కాదు, పాడేది కూడా కాదు, ఊరికే అక్కడుండేది. ఎండ నెత్తి మీదికొచ్చాక ఇద్దరూ భుజాల దాకా మునిగి కాసేపు అలా నిలబడేవాళ్ళు. ఒంట్లో బరువంతా ఎవరో అందుకున్నట్టుండేది. పెళ్ళయ్యాక ఆమెకు ఇంకెక్కడా అలా అనిపించలేదు. పక్కలో అనిపించలేదు, చర్చిలో అనిపించలేదు. పెళ్ళి మాటలప్పుడు అత్తగారు ఆమె జుట్టు వాసన చూసి ముఖం తిప్పుకుంది. ఆంబ్రోజే కల్పించుకుని, నా ఇంటికొచ్చాక ఆ బురదలో దిగే అవసరం నీకుండదు అన్నాడు. ఆ మాటని ప్రేమనుకుని చాలా ఏళ్ళు దాచుకుంది మార్సెలిన్. ప్రేమే కావచ్చు. కొండమీది ఆ ఇంటి కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది కూడా, నీలం రంగు పూసిన గోడలాగా, దూరంగా. అమ్మ పోయినప్పుడు ప్రాలాన్ వెళ్ళింది గానీ నల్ల బూట్లతో వెళ్ళి, నీళ్ళలో దిగకుండా నల్ల బూట్లతోనే తిరిగొచ్చేసింది. అమ్మ తాళ్ళని అప్పటినుంచీ జొసెట్ చూసుకుంటోంది. జొసెట్, మార్సెలిన్ ఒకే బడిలో, ఒకే నీళ్ళలో పెరిగినవాళ్ళు.

ఆ వారం హోటలు వాళ్ళు అతిథుల్ని నాచు తోటలు చూపించడానికి తీసుకెళ్ళాలనుకున్నారు. ప్రాలాన్ కే. వ్యాను ఆంబ్రోజ్ దే మాట్లాడారు. "నువ్వక్కడిదానివే కదా, నువ్వూ రావాలి, రెండు మాటలు చెప్పాలి," అంది కెరీన్. తువ్వాళ్ళు పట్టుకుని ఒడ్డున నిలబడితే చాలనీ, తెల్ల యూనిఫాం తడవకూడదనీ కూడా చెప్పింది. మార్సెలిన్ కి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఒడ్డు ఏమీ మారలేదు. అలల్లేని నీళ్ళు, తేలే సీసాలు, ఎండబెట్టే బల్లల మీద తెల్లబారుతున్న నాచు. నీళ్ళలో పొడుగు చేతుల చొక్కా వేసుకుని, గడ్డి టోపీ పెట్టుకుని జొసెట్. ఆమె చెయ్యి ఊపింది. రెండు చేతుల్లో తువ్వాళ్ళున్నాయి కాబట్టి మార్సెలిన్ తిరిగి ఊపలేకపోయింది. అతిథులు రబ్బరు బూట్లేసుకుని కేరింతలు కొడుతూ దిగారు. బురదకి భయపడ్డారు, నవ్వుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. వాళ్ళు ఎంత తేలిగ్గా దిగారో చూస్తూ మార్సెలిన్ తువ్వాళ్ళను ఛాతీకి అదుముకుంది. తనలో లేచినదానికి అసూయ అని పేరు పెట్టబోయి, కాదనుకుంది. ఆకలి.

వాళ్ళలో ఒకామె, తెల్లజుట్టు ముసలావిడ, నీళ్ళలోంచే అడిగింది, నువ్వు దీన్ని రోజూ తాగుతావా అని. కెరీన్ చిరునవ్వుతో మార్సెలిన్ వైపు చూసింది. జవాబు నాలుక చివరే ఉంది. కానీ అమ్మ నిలబడిన నీళ్ళ ముందు అది బయటికి రాలేదు.

"లేదండీ," అంది మార్సెలిన్. "మా ఇంట్లో నాదాకా మిగలదు."

కెరీన్ చిరునవ్వు చెదిరింది. ముసలావిడ మాత్రం తల పంకించింది, తనకూ తెలిసిన సంగతే అన్నట్టు. అప్పుడు జొసెట్ ప్రాలాన్ యాసలో పిలిచింది. "ఏమే, ఆ గుడ్డలు మోస్తూ ఎంతసేపు నిలబడతావు? దిగు."

"మార్సెలిన్, యూనిఫాం," అన్నాడు ఆంబ్రోజ్ వ్యాను నీడలోంచి.

ఆమె తువ్వాళ్ళను బోర్లించిన పడవ మీద మడత చెదరకుండా పెట్టింది. బూట్లు విప్పింది. నడిచింది. నీళ్ళు మొదట చీలమండలకి, తర్వాత మోకాళ్ళకి వచ్చాయి, తర్వాత గౌను అంచు పైకి తేలి, మళ్ళీ బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంది. కాలివేళ్ళు బురదలోకి తమంతట తామే దారి చేసుకున్నాయి. నడుందాకా వచ్చేసరికి ఆమె ఆగి ఊపిరి వదిలింది. ఆ ఊపిరి ఎప్పుడు బిగబట్టిందో ఆమెకు గుర్తులేదు. జొసెట్ తాడు ఒక కొస ఆమె చేతికిచ్చింది.

అతిథులు ఒళ్ళు తుడుచుకుని వ్యానెక్కారు. కెరీన్ ఒడ్డుకొచ్చి మెల్లగా, ముఖం ఎర్రబడి, రేపు ఆఫీసుకొచ్చి నన్ను కలువు అని చెప్పి వెళ్ళింది. ఆ తర్వాత ఆంబ్రోజ్ వచ్చాడు. నీళ్ళు అంటకుండా ఒక అడుగు ఇవతలే ఆగాడు.

"ఎక్కు. అందరూ కూర్చున్నారు."

"మీరంతా వెళ్ళండి. నాకు పనుంది."

అతను వెనక్కి తిరిగి వ్యాను వైపు చూసి గొంతు తగ్గించాడు. "నలుగురిలో నా పరువు తీయకు మార్సెలిన్. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. అమ్మ అడిగితే ఏం చెప్పను?"

ఆ మాటకి ఆమెకు అతని మీద జాలి కలిగింది. ఇన్నేళ్ళలో అతనికి ఆమె గురించి ఎవరికీ ఏమీ చెప్పవలసిన అవసరం పడలేదు.

"నీళ్ళలో ఉందని చెప్పు," అంది.

అతను ఇంకా కాసేపు నిలబడ్డాడు. కోప్పడతాడనుకుంది, కోప్పడలేదు. బూటుకంటిన ఇసుక రాయికేసి దులుపుకుని వెళ్ళిపోయాడు. వ్యాను రోడ్డెక్కి, మలుపు తిరిగి, చప్పుడు కూడా వినిపించకుండా పోయింది. మార్సెలిన్ భుజాల దాకా మునిగింది. ఏడ్చిందో లేదో జొసెట్ కి తెలియలేదు, ముఖమంతా ఎలాగూ తడిగానే ఉంది.

ఎండ వాలాక ఇద్దరూ కొత్త తాడుకి చిన్న చిన్న నాచు ముక్కలు కట్టడం మొదలుపెట్టారు. మార్సెలిన్ వేళ్ళు మొదట ముడులు మరిచిపోయి తడబడ్డాయి, కాసేపటికి దార్లో పడ్డాయి. జొసెట్ తలెత్తకుండా అడిగింది.

"ఎన్నాళ్ళుంటావే?"

"ఇవి కోతకొచ్చేదాకా."

"కోసిన ప్రతిచోటా మళ్ళీ ఒక ముక్క కట్టాలి. కడుతూనే ఉండాలి. తెలుసుగా?"

"తెలుసు," అంది మార్సెలిన్, ఇంకో ముక్క అందుకుంటూ.