నీళ్ళలా సాగిపో

నెవ్యానా నాలుగోసారి వల ఎత్తు కొలిచింది. రెండు మీటర్ల ఇరవై నాలుగు సెంటీమీటర్లు. ఇందాకా అంతే ఉంది, నిన్నా అంతే. అయినా చేతులు ఊరుకోవు. పిడి తిప్పి తాడు బిగించింది, మళ్ళీ వదులు చేసింది. కుడి మోకాలికి చుట్టిన పట్టీ జారితే పైకి లాక్కుంది. జేబులో జర్మనీ క్లబ్బు వాళ్ళ ఉత్తరం నలుగుతోంది. మళ్ళీ వస్తే చిన్నపిల్లలకు ఆట నేర్పే పని ఇస్తారట, శుక్రవారంలోగా జవాబు చెప్పాలట. ఇవాళే శుక్రవారం.

డాన్యూబ్ నది ఒడ్డునున్న ఈ స్విష్తోవ్ ఊళ్ళో, ఈ బడిలోనే ఆమె చదువుకుంది, ఈ హాల్లోనే వాలీబాల్ నేర్చుకుంది. తర్వాత పద్నాలుగేళ్ళు జర్మనీలో రెండో శ్రేణి జట్లకు ఆడింది. ఏ పేపర్లోనూ ఫోటో పడలేదు. మోకాలు పాడయ్యాక అక్కడెవరూ పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. సెప్టెంబరులో వచ్చి ఇక్కడి ఆడపిల్లల జట్టుకు కోచ్‌గా చేరింది. ఆర్నెల్లకే అంది. ఆర్నెల్లూ అయిపోవచ్చాయి, అద్దెగదిలో సూట్‌కేసు ఇంకా సగం సర్దే ఉంది.

"మేడమ్, నన్ను ముందు వరసలో ఆడమంటారా?" అంది కాలీనా. పదిహేనేళ్ళది, నోరు మాత్రం ముప్ఫయ్యేళ్ళది.

నెవ్యానా తల పైకీ కిందికీ ఊపింది. ఆ పిల్ల మొహం మాడ్చుకుని వెనక్కి వెళ్ళింది.

"ఏయ్, ఎక్కడికే? ఆడమన్నాగా!"

"కాదన్నారుగా! మేడమ్, మీరొచ్చేశారు గానీ మీ మెడ ఇంకా జర్మనీలోనే ఉంది!"

పిల్లలంతా పడీపడీ నవ్వారు. తల నిలువుగా ఊపితే కాదని, అడ్డంగా ఊపితే ఔనని ఈ దేశంలో ఉయ్యాల్లో పిల్లకు కూడా తెలుసు. నెవ్యానాకు తెలియక కాదు. పరధ్యానంలో పడిందంటే చాలు, మెడ పరాయిదైపోతుంది.

గోడవారన రేడియేటర్ దగ్గర పొట్టి బెంచీ మీద ద్రాగోమిర్ మాస్టారు నవ్వలేదు. నలభై ఏళ్ళు ఈ హాల్లో కోచ్‌గా చేసిన మనిషి. డెబ్భై ఆరేళ్ళు వచ్చినా, పెదవులు ఊదారంగుకు తిరిగినా, ఉన్ని టోపీ పెట్టుకుని రోజూ రెండింటికల్లా హాజరు. పొగడ్తల దగ్గర మహా పిసినారి. ఎంత బాగా ఆడినా "పర్లేదు" అనేవాడు, అంతే. ఆ ఒక్క "పర్లేదు" కోసం చిన్నప్పుడు నెవ్యానా చీకటితో లేచి డాన్యూబ్ గట్టు మీద పరుగెత్తేది.

జట్టు పొరుగూరికి పోటీకి బయల్దేరినప్పుడల్లా ఆయన రాగి చెంబుతో గుమ్మం ముందు మెట్టు మీద నీళ్ళు ఒలకబోసేవాడు. "నీళ్ళలా సాగిపొండి," అనేవాడు. ఆమె జర్మనీ వెళ్ళిననాడు ఆమె ఒక్కదాని కోసమూ ఒలకబోశాడు. రాజధాని సోఫియా చేరేదాకా ఆ తడి బూట్లతోనే ఏడ్చింది. ఆ చెంబు ఇప్పటికీ ఆయన బెంచీ కిందే ఉంటుంది.

విరామంలో ఆయన కాగితం పొట్లం విప్పి బానిత్సా ఇచ్చాడు. పొరల మధ్య చీజ్ ఇంకా వెచ్చగా ఉంది.

"తిను. పుల్లలా అయ్యావు."

"మీరో?"

"ఉప్పు వద్దన్నాడు డాక్టరు. ఊపిరి కూడా వద్దనలేదు, అదే పదివేలు."

కాసేపు పిల్లలు బంతులు ఏరడం చూశాడు. "నేను మానేశాక ఆరేళ్ళు ఈ హాలుకి తాళమే. నువ్వొచ్చాకే తీశారు. ఉంటావా అమ్మాయ్?"

నెవ్యానా చెయ్యి ఉత్తరం మీదికి పోయింది. వల అవతల కాలీనా ఓ చిన్నపిల్లను కసురుతోంది. "మోచేతులు వంచకే, గుమ్మడికాయా!" అది మాస్టారి తిట్టు. ఆయన నెవ్యానాను తిట్టేవాడు, నెవ్యానా కాలీనాను తిట్టింది, ఇప్పుడు ఇంకో పిల్లకు చేరింది. ఆర్నెల్లలో మొదటిసారి ఆమెకు ఎక్కడికీ పోవాలనిపించలేదు. నోటి నిండా బానిత్సా. ఆయన కళ్ళలోకి చూసి తల ఊపింది. పైకీ కిందికీ, గట్టిగా, రెండుసార్లు.

ఆయన టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు.

"పర్లేదు," అన్నాడు.

అంతలో ఎవరో పిల్ల కాలు మెలిక పడి కెవ్వుమంది. నెవ్యానా పరుగెత్తింది. నీళ్ళు, పట్టీ, ఓదార్పు అన్నీ అయ్యాక చూస్తే బెంచీ ఖాళీగా ఉంది. బెంచీ కింద ఆమె చూడలేదు. పర్లేదన్నాడు! ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేసి, సాయంత్రందాకా పిల్లలతో పాటు తానూ గెంతింది. మోకాలి సంగతే గుర్తు రాలేదు.

ఐదింటికి తాళంచెవి పట్టుకుని తలుపు తీసింది. మెట్టు తడిసి ఉంది. వాన పడలేదు. ఇవాళ పోటీ ఏదీ లేదు. మెట్టు పక్కన, సొట్టలు పడిన రాగి చెంబు.

ప్రయాణమై వెళ్ళేవాళ్ళకే ఆ నీళ్ళు.

"అయ్యో, నా మెడ మండా!" అని పైకే అనేసింది. కుంటుకుంటూ పరుగు తీసింది.

రెండో మలుపులో బస్ స్టాపు దగ్గర నలుగురు మూగి ఉన్నారు. మాస్టారు బెంచీ మీద కూర్చునే ఉన్నాడు, టోపీ కళ్ళ మీదికి జారింది. మందుల షాపావిడ ఆయన మణికట్టు మెల్లగా ఒళ్ళో పెట్టింది.

"అయిపోయిందమ్మా. కష్టపడ్డట్టు లేదు. మీవాళ్ళా?"

నెవ్యానా ఆయన ముందు కూలబడింది. ఈసారి తల సరిగ్గానే ఊగింది. అటూ ఇటూ, అటూ ఇటూ, ఆపుకోలేనట్టు.

"ఉంటాను మాస్టారూ. ఉంటానన్నాను."

"ఔనంటోంది, ఆ పిల్లకి చోటివ్వండి," అన్నారు వెనక ఎవరో.

బడి మెట్టు మీద తడి అప్పటికే ఆరిపోతోంది. చెంబు అడుగున ఒక్క గుక్కెడు నీళ్ళు మిగిలి ఉన్నాయి.