యాభై ఏడో గడి

పదకొండున్నరకు దేవసహాయం ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. అతను ఎత్తలేదు. ఎత్తాల్సిన పనీ లేదు. సోలార్ పలకలు తుడిచే తడిగుడ్డ పిండి తీగ మీద ఆరేసి, షెడ్డులోకి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

అది పోశం మిస్డ్ కాల్. పక్కనున్న ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో మందు పెట్టి రాయిని పేల్చేది పోశమే. ఒక్క కాల్ వస్తే మధ్యాహ్నం రెండింటికి బ్లాస్టింగ్ ఉన్నట్టు, రెండొస్తే లేనట్టు. పేలగానే దుమ్ము లేచి, గాలికి ఇటు మళ్ళి, గోదావరిఖని శివారులోని ఈ చిన్న ప్లాంటు మీద గంటసేపు ఎండను కప్పేస్తుంది. హైదరాబాద్ ఆఫీసు లెక్కలకు మబ్బు తెలుసు, వాన తెలుసు. పోశం తెలియదు.

రోజును పావుగంటకొకటి చొప్పున తొంభై ఆరు గడులు చేసి, ఏ గడిలో ఎంత కరెంటు వస్తుందో ముందే చెప్పడం దేవసహాయం పని. దాన్నిబట్టి మిగతా కరెంటు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలో హైదరాబాద్‌లో కరెంటు పంచేవాళ్ళు చూసుకుంటారు. యాభై ఏడు నుంచి అరవై దాకా అంకెలు సగానికి తగ్గించి పంపాడు. గంటన్నర ముందు పంపితేనే మార్పు చెల్లుతుంది. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా అంకె కదలదు.

యాభై రెండేళ్ళ సన్నటి మనిషి. నీళ్ళ డబ్బాలు మోసీ మోసీ ఎడమ భుజం కిందికి వాలింది. తండ్రి బాయిపనిలోనే, భూమి లోపల బొగ్గు తవ్వుతూ పోయాడు; ఆ నౌకరీ కొడుకు దాకా రాలేదు. ఎక్కడ చేసినా కాంట్రాక్టే. ఈ నెల అంచనా రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పితే అంచనాలకు మెషీన్ పెట్టుకుంటామని పైఅధికారి జగదీశ్వర్ సారు హైదరాబాద్ నుంచి మర్యాదగానే చెప్పాడు.

రెండయింది. తెర మీద కరెంటు గీత దిగలేదు. రెండుంబావు. దేవసహాయం బయటికొచ్చి గని వైపు చూశాడు. ఇంటింటా అందరూ తిట్టుకునే ఆ దుమ్ము కోసం అంతగా ఎదురుచూసినవాడు ఆ ఊళ్ళో ఇంకొకడు ఉండడు.

ఫోన్ మోగింది. జగదీశ్వర్.

“ఏంది దేవసహాయం, సగం అన్నవ్. మొత్తం వస్తున్నది?”

“ఎక్కువే వస్తున్నది గద సార్.”

“ఎక్కువొచ్చినా తప్పే. కారణం రాసి పంపు. ఒకటో తారీకు నుంచి మెషీన్ వస్తది.”

పోశం మీద కోపం ముంచుకొచ్చింది. నీ సూర్యునికి దుప్పటి కప్పుతున్న, బావా, జర పండనియ్యి అని రోజూ ఎగతాళి చేసేవాడు. కానీ తప్పుడు మిస్డ్ కాల్ ఎన్నడూ ఇవ్వలేదు.

ఫోన్ మళ్ళీ మోగింది. పోశం నంబరు. ఆగిపోతుందని చూశాడు. ఆగలేదు. మోగుతూనే ఉంది.

ఎత్తితే గొంతు పోశంది కాదు. అతనితో పనిచేసే గట్టయ్యది.

“అన్నా, పోశం కాక ఒంటిగంటకు నడుసుకుంటనే కుప్పకూలిండు. దవాఖాన దాకా గూడ పానం ఆగలే. బ్లాస్టింగ్ బంద్ జేసినం. ఫోన్ల ఆఖరు నంబరు నీదే ఉన్నది.”

దేవసహాయం వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కారణం అన్నచోట మూడే మాటలున్నాయి. మబ్బు, వాన, మరమ్మతు. ఏదో ఒకటి నొక్కనిదే ఫారం కదలదు. కిటికీలోంచి చూస్తే ఆకాశంలో దూదిపింజంత కూడా లేదు. అతను మబ్బు మీద నొక్కాడు.

సైకిలెక్కి దవాఖాన దారి పట్టాడు. ఓపెన్‌కాస్ట్ మలుపు దగ్గర రెండు లారీలు, ఒక ఆటో ఆగి ఉన్నాయి. డ్రైవర్లు దిగి బీడీలు కాలుస్తూ, ఇంకెంతసేపని విసుక్కుంటున్నారు. వాళ్ళ ముందు, దారికి అడ్డంగా పేర్చిన రాళ్ళ నడుమ, బ్లాస్టింగ్ అయ్యేదాకా ఎవరూ దాటొద్దని పోశం పాతి వెళ్ళిన ఎర్రజెండా గాలికి రెపరెపలాడుతోంది.