దారిలేని గదులు

"ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా, కంప్యూటర్లో నడుస్తున్న ఆ రన్ కూడా కాస్త చూసి పెట్టు" అన్నారు మావారు, బూట్ల లేసులు కట్టుకుంటూ. పొయ్యి మీద పాలు చూడమన్నట్టే అన్నారు. ఒక చేత్తో పాప సాక్సుల జత వెతుకుతూ ఇంకో చేత్తో లాప్‌టాప్ తెరిచి ఆయన లాగిన్‌లోకి వెళ్ళాను. హాల్లోంచి అత్తయ్య, "పొద్దున్నే మొదలెట్టింది గోళీలాట" అని ఎవరికో ఫోన్లో చెబుతోంది. తెర మీద రంగురంగుల గుండ్రాలు కదులుతుంటే ఆవిడకి అది గోళీలాటే. ఏం చెప్పను నా మొహం. పెళ్ళికి ముందు నేనూ ఆయనా ఒకే ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేశామని ఆవిడకి తెలుసు. తెలిసీ, "వాడు నేర్పబట్టి వచ్చింది" అంటుంది.

గోళీలు కావవి, నైట్రోజన్ అణువులు. అమోనియా తయారు చెయ్యాలంటే ఫ్యాక్టరీకి స్వచ్ఛమైన నైట్రోజన్ కావాలి. జియోలైట్ అని రాయిలాంటి పదార్థం ఒకటుంది, దాన్నిండా కంటికి కనపడని గదులే. గాలిని దాని గుండా పంపితే నైట్రోజన్ ఆ గదుల్లో చిక్కుకుంటుంది, తర్వాత విడిపించుకోవచ్చు. ఎంత పడుతుందో ముందే కంప్యూటర్లో లెక్కగడతాం. అయితే కంప్యూటర్‌కి తలుపులతో పనిలేదు. ఖాళీ ఎక్కడుంటే అక్కడ అణువుని నేరుగా పెట్టేస్తుంది. కొన్ని గదుల కిటికీలు మరీ సన్నం, నిజం నైట్రోజన్ జన్మలో దూరలేదు. అలాంటివాటిని లెక్కలోంచి మూసెయ్యమని మనమే ముందుగా చెప్పాలి. మావారు చెప్పలేదు. ఆ గదులన్నీ కిక్కిరిసి ఉన్నాయి, అంకె ఆకాశాన్నంటుతోంది. ఆ అంకె చూసే రేపు మీటింగ్‌లో ఫ్యాక్టరీవాళ్ళు ఒప్పందం మీద సంతకం పెడతారు, ఆయన గ్రూప్ లీడర్ అవుతారు.

మూసి మళ్ళీ నడిపాను. ఆయనకి ఫోన్ చేశాను.

"లోపలి గదులు మూయలేదు మీరు. మూస్తే సగం కూడా రావట్లేదు."

"సగమా?" అని గొంతు తగ్గించారు. అర్థమైందని నాకు తెలిసింది.

"అంత లోతుకి ఎవరు చూస్తారే? నీదంతా చాదస్తం. మా డైరెక్టర్ గారికి పాతదే పంపు."

"దీన్ని నమ్మి వాళ్ళు ప్లాంటు కడతారండీ."

"కట్టినప్పుడు చూద్దాంలే. రిపోర్టు చివర్లో థాంక్స్ చెప్పేచోట నీ పేరు వేశాగా, ఇంకేం కావాలి?"

ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఒంటరితనం అంటే ఇంట్లో ఎవరూ లేకపోవడం అనుకునేదాన్ని. అత్తయ్య ఉంది, టీవీ మోగుతోంది, పాప బొమ్మలు సోఫా మీదే పడున్నాయి. కానీ ఈ మాట అర్థమయ్యే మనిషి ఇల్లు మొత్తానికి ఆయనొక్కరే, ఆ ఒక్కరూ అర్థమయ్యే కాదన్నారు. అర్థంకాక కాదంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. ల్యాబ్ మెట్ల మీద ఒకే టీ ఇద్దరం పంచుకుంటూ, ఇలాంటి తప్పులే పట్టుకుని నవ్వుకునేవాళ్ళం ఒకప్పుడు. ఆ స్నేహితుడు కావాలి నాకు, మొగుడి సంగతి దేవుడెరుగు.

కొత్త లెక్కని డైరెక్టర్ గారికి పంపాను, కింద నా పేరు రాసి. గంట తిరక్కముందే డైరెక్టర్ గారే ఫోన్ చేశారు.

"లెక్క సరిగ్గా ఉందమ్మా, రేపటి మీటింగ్ ఆపేశాను. కానీ ఫైలేమో మీవారి లాగిన్‌లోంచి వచ్చింది, పేరేమో నీది. ఆయనే దిద్దుకుని నీ చేత పంపించారా?"

అవునండీ అంటే చాలు. ఆయన పరువు దక్కుతుంది, సాయంత్రం ఇంట్లో రభస ఉండదు, అత్తయ్య చెవిన పడదు.

"కాదు సార్. తప్పు ఆయనది, దిద్దింది నేను" అన్నాను. "ఇదొక్కటే కాదు. పాప పుట్టినప్పటినుంచీ ఆ లాగిన్‌లో వచ్చిన ప్రతి లెక్కా నేను చేసిందే."