తోక ఎముక తీయించిన కమిటీ

నేను ఒక అస్థిపంజరాన్ని. కంగారుపడకండి, ప్లాస్టిక్‌దాన్ని. నా కోసం ఎవరూ చావలేదు, నా పేరున ఎవరూ తద్దినం పెట్టక్కర్లేదు. ఉత్తరాదిలో ఏదో ఫ్యాక్టరీలో ఎముకలన్నీ అచ్చుల్లో పోసి, తీగలతో కట్టి, ఇనప స్టాండుకి వేలాడదీశారు. మనుషుల నుదుటి మీద బ్రహ్మ ఏదో రాస్తాడంటారు. నా నుదుటి మీద ఫ్యాక్టరీవాళ్లు స్టిక్కరు అంటించారు: ‘ఎండ తగలనివ్వకండి.’

లారీలో పడుకుని గోదావరి దాటి పెదగంట్లపాలెం జిల్లా పరిషత్ హైస్కూలుకి చేరాను. నన్ను పెట్టెలోంచి తీసింది జీవశాస్త్రం టీచరు నాగేంద్రమణి గారు. పుర్రె మీద దుమ్ము పైటచెంగుతో తుడిచి, “వచ్చావా నాయనా, నీ కోసం ఎన్నాళ్లు అడిగానో!” అంది. ఒక మనిషి నన్ను చూసి అంత సంతోషించడం మళ్లీ నేను చూడలేదు. ఆవిడ పాఠం బట్టీ పట్టించేది కాదు. నా మీద ఎముక చూపించి, అదే ఎముకని పిల్లల ఒంట్లో వాళ్ల చేతే వెతికించేది.

గొడవ నా వెన్నెముక చివర మొదలైంది.

పదో తరగతికి జీవపరిణామం పాఠం. ఆవిడ నన్ను వెనక్కి తిప్పి, “ఇది తోక ఎముక. ఎప్పుడో మన పూర్వీకులకి తోక ఉండేది. తోక పోయింది, దాని మొదలు మిగిలింది” అని చెప్పింది. పిల్లలందరూ ఎవరూ చూడకుండా వెనక్కి చెయ్యి పెట్టి తడుముకున్నారు. అందరికీ దొరికింది.

ఆ తరగతిలో లహరి అనే అమ్మాయి ఉంది. వాళ్ల నాన్న సత్తిరాజు గారికి ఊళ్లో టెంట్‌హౌస్. పైగా మా స్కూలు కమిటీకి ఛైర్మన్. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ పిల్ల, “నాన్నా, నీక్కూడా తోక ఎముక ఉంది తెలుసా?” అందట. ఈ సంగతి మర్నాడు ఆయనే ల్యాబులోకొచ్చి అరిచి చెప్పాడు కాబట్టి నాకు తెలిసింది.

“మా వంశమేంటి, గోత్రమేంటి! నాకు తోకేంటండీ?”

“మీ ఒక్కరికే కాదండీ. అందరికీ ఉంటుంది.”

“హెడ్మాస్టరు గారికి కూడానా?”

హెడ్మాస్టరు ఫణిభూషణరావు గారు పక్కనే ఉన్నారు. ఆయన చెయ్యి వెనక్కి వెళ్లబోయి, మర్యాద గుర్తొచ్చి ఆగిపోయింది.

“దేవుణ్ణి నమ్మనివాళ్లు పాఠాలు చెప్తే ఇలాగే తగలడుతుంది,” అన్నాడు సత్తిరాజు.

“శనివారం శనివారం వెంకన్న గుడి క్యూలో మీ వెనకాల నిలబడేది నేనేనండీ,” అంది టీచరు. “దేవుడి సంగతి ఈ పాఠంలో లేదు. ఎముక సంగతే ఉంది.”

ఆయన అక్కణ్ణుంచి తిన్నగా కమిటీలో మరో సభ్యుడు, పాస్టరు ఇమ్మానుయేలు గారింటికి వెళ్లాడు. గుడి మైకు పెద్దదా, చర్చి మైకు పెద్దదా అన్న తగువులో ఆ ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. అలాంటిది మర్నాడు ఒకే మోటారుసైకిలు మీద స్కూలుకొచ్చారు. ఊరి పెద్దలు ఎన్ని రాజీలు చేసినా కలవనివాళ్లని నా తోక ఎముక కలిపింది. ఈ గొప్ప నాకు ఎవరూ ఆపాదించలేదు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

“దేవుడు మనిషిని తన పోలికలో చేశాడు. మరి ఆయనకి తోక అంటగడతారా?” అన్నారు పాస్టరు గారు.

కమిటీ తీర్మానించింది: ఆ పాఠం చెప్పకూడదు. అస్థిపంజరానికున్న అభ్యంతరకరమైన భాగం తొలగించాలి.

హెడ్మాస్టరు గారు టీచర్ని ల్యాబులో నా పక్కకి పిలిచి గొంతు తగ్గించి చెప్పారు. “అమ్మా, ఒప్పుకోకపోతే సత్తిరాజు మిమ్మల్ని మన్యంలోకి బదిలీ చేయిస్తానంటున్నాడు. ఆయనకి పైన మనుషులున్నారు. ప్లాస్టిక్ ముక్కే కదా, పోనీండి.”

ఆవిడ భర్తకి ఈ ఊళ్లోనే సహకార బ్యాంకులో ఉద్యోగం. ఇద్దరూ ఒక ఊళ్లో కాపురం ఉండటానికి పెళ్లైన చాన్నాళ్లకి కుదిరింది. ఆవిడ నా వంక చూసి అంది: “బొమ్మలోంచి తీస్తారు, సరే సార్. పిల్లల్లోంచి ఎలా తీస్తారు?”

వడ్రంగి రంపం పట్టుకొచ్చాడు. ఆవిడ వెళ్లిపోతుందనుకున్నాను, వెళ్లలేదు. నేను ఊగకుండా భుజం పట్టుకుని నిలబడింది. నాకు నొప్పి తెలియదు. రాలిన తెల్లటి పొడిని మాత్రం ఆవిడే ఊడ్చి ఎత్తింది.

మర్నాడు ఆవిడ తరగతిలో ఒక్క మాటే చెప్పింది. “ఈ పాఠం చెప్పొద్దన్నారు. మీరు చదవక్కర్లేదు.” అంతే. పుస్తకంలో మిగతా పాఠాల మొహం చూడనివాళ్లు కూడా దాన్ని ఆ సాయంత్రమే పూర్తి చేశారు. కింది తరగతుల పిల్లలు కిటికీ దగ్గర గుంపులుగా చేరి నా నడుం కింద ఖాళీని చూసి వెళ్లేవారు. ఉన్నన్నాళ్లూ దాన్ని ఇంతమంది చూడలేదు.

ఆ పాఠం తీసేశాక దాని చోట ఏం చెప్పాలన్నది కమిటీకి తర్వాత గుర్తొచ్చింది. ఆఫీసుగది పైకప్పు పెచ్చులూడుతోందని ఆ మీటింగు ల్యాబులో పెట్టారు. అందరూ ప్రయోగాల బల్ల చుట్టూ స్టూళ్ల మీద కూర్చున్నారు.

“దశావతారాలు చెప్పించండి,” అన్నాడు సత్తిరాజు. “ముందు చేప, తర్వాత తాబేలు, తర్వాత వరాహం, ఆపైన సగం సింహం సగం మనిషి, ఆనక పూర్తి మనిషి. అసలు సైన్సంటే అదీ!”

“వరస చూస్తే నేను చెప్పినదానికి దగ్గరగానే ఉందండీ,” అంది టీచరు.

ఆయన ఉలిక్కిపడి ఆమె వంక అనుమానంగా చూశాడు.

“కుదరదు,” అన్నారు పాస్టరు గారు. “దేవుడు ఆరు రోజుల్లో సృష్టి చేశాడు. అదే చెప్పాలి.”

మోటారుసైకిలు స్నేహం అక్కడితో సరి. గొంతులు లేచాయి, మైకుల తగువు మళ్లీ బయటికొచ్చింది. హెడ్మాస్టరు గారు రెండు చేతులూ ఎత్తి, “ఇద్దరి మాటా నిలబెడదాం. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు రోజులూ రోజుకో అవతారం చెప్పిద్దాం. మిగిలిన నాలుగూ హోంవర్కు. ఆదివారం ఎలాగూ సెలవే” అన్నారు.

సత్తిరాజు కోపంతో దిగ్గున లేచాడు. లేచిన ఊపుకి స్టూలు వెనక్కి జరిగింది. అది చూసుకోకుండా మళ్లీ కూర్చోబోయి నేల మీద కూలబడ్డాడు. ఆ చప్పుడుకి నా దవడ కొట్టుకుంది.

టీచరే ముందు పరిగెత్తింది. “ఎక్కడండీ నొప్పి?”

“అక్కడే.”

“అక్కడంటే ఎక్కడ?”

“అదేనమ్మా... మీరు తీయించేసిన...”

“నేను కాదండీ, మీరే తీయించారు.”

పాస్టరు గారు మంచి మనిషి. తగువు మర్చిపోయి ఆయన పక్కన మోకరించి కళ్లు మూసుకున్నారు. “ప్రభువా, ఈ సోదరుడి...” అని ఆగి, ఒక కన్ను తెరిచి టీచర్ని అడిగారు. “దాన్ని ఏమంటారమ్మా?”

“తోక ఎముకండీ.”

“...తోక ఎముకను స్వస్థపరచుము.”

“ఆమెన్,” అన్నాడు సత్తిరాజు, మూలుగుతూనే.

ఎముక చిట్లిందట. ఆయన మళ్లీ స్కూలుకొచ్చేసరికి చలికాలం వెళ్లిపోయింది. ఒక శనివారం ఒంటిపూట బడి అయ్యాక, చంకలో గాలి నింపిన గుండ్రటి దిండుతో ల్యాబులోకి ఒక్కడే వచ్చాడు. టీచరు పరీక్షనాళికలు కడుగుతోంది. ఆయన కూర్చోలేదు. నా వెనక నిలబడి ఆ ఖాళీ వంక చాలాసేపు చూశాడు.

“అమ్మా, ఒక మాట అడుగుతాను. తోకే లేనప్పుడు, ఈ ముక్క మనకెందుకు?”

నీళ్లు కట్టేసి ఆవిడ ఇటు తిరిగింది. ఇన్నాళ్ల కోపమూ ఆవిడ మొహంలో కనిపించింది. కానీ ఎవరైనా ప్రశ్న అడిగితే ఊరుకోగలిగే మనిషి కాదు ఆవిడ.

“తోక పోయినా దానికి పని పోలేదండీ. కూర్చుంటే బరువు మోస్తుంది. కింది కండరాలకి పట్టు అదే. పాతదాన్ని పారేయకుండా ఒళ్లు ఇంకో పనికి వాడుకుంది.”

“మా టెంట్‌హౌస్‌లో చిరిగిన షామియానాలు వంటవాళ్ల దగ్గర అడ్డుతెరలుగా కడతాం. అలాగన్నమాట.”

“అచ్చం అలాగే,” అంది ఆవిడ. ఆశ్చర్యపోయిందని నాకు తెలిసింది. “తల్లి కడుపులో ఉన్నప్పుడు మొదట్లో ప్రతి బిడ్డకీ చిన్న తోక ఉంటుంది. తర్వాత కలిసిపోతుంది.”

“మా లహరిక్కూడానా?”

“లహరిక్కూడా.”

ఆయన దిండుని గుండెకి హత్తుకుని అలాగే నిలబడ్డాడు. కూతురు పుట్టకముందు కూతుర్ని చూస్తున్నట్టుంది ఆ చూపు.

“బాగుందమ్మా. కానీ ఇది మన మధ్యే ఉండనివ్వండి.”

“మీ అమ్మాయి వచ్చి అడిగితే?”

దిండుని మళ్లీ చంకలో పెట్టుకున్నాడు. “నా దగ్గరికి పంపండి. షామియానా పోలికతో చెప్తే బాగా అర్థమవుతుంది. మీరు చెప్పినప్పుడు ఆ పోలిక లేదు, అందుకే గొడవైంది.”

తీర్మానాన్ని ఎవరూ రద్దు చేయలేదు, ఎవరూ పాటించలేదు. మరుసటేడు ఆ పాఠం వచ్చే వారానికి హెడ్మాస్టరు గారు సెలవు పెట్టుకుని ఊరెళ్లారు. టీచరు పాఠం చెప్పేసింది. మన్యం బదిలీ మాట మళ్లీ వినపడలేదు.

తర్వాత ప్రభుత్వం కొత్త అస్థిపంజరాన్ని పంపింది. ఏ భాగమూ లోపించనిది. నన్ను సామాన్ల గదిలో చిరిగిన భారతదేశం పటం పక్కన పెట్టారు. ఇక్కడ నాకు లోటేం లేదు. కిటికీ అద్దం పగిలినచోటు నుంచి ఒక పిచ్చుక లోపలికొచ్చి నా పక్కటెముకల మధ్య గూడు కట్టింది. గుడ్లు పగిలి పిల్లలొచ్చాయి. తమని ఎవరు చేశారన్న తగువు వాటిలో ఇంకా మొదలవలేదు. ప్రస్తుతానికి అన్నీ నోళ్లు తెరుచుకుని పురుగుల కోసమే అరుస్తున్నాయి.