ఊలత్త పెట్టె

వీధిలో అందరూ ఆవిణ్ణి ఊలత్త అనేవారు. ముప్ఫై ఏళ్లు బడిపిల్లలకి స్వెట్టర్లు అల్లి ఇల్లు నడిపిన మనిషి. కొడుకు పుట్టినప్పుడు అల్లిన టోపీలు, మేజోళ్లు, ఒక చిన్న దుప్పటి రేకుపెట్టెలో దాచి, మనవడి కోసం కంటికి రెప్పలా కాచింది.

కిందటేడు పెట్టె తెరిస్తే దుప్పటి అంచున కందిగింజంత చిల్లు కనిపించింది. పక్కనే బియ్యపుగింజలాంటి తెల్లపురుగు. చిమటలు పట్టాయంటే ఇక పోగు కూడా మిగల్చవని, ఆ రోజే రెండు పొట్లాల కలరా ఉండలు తెచ్చి మడత మడతకీ నాలుగేసి దూర్చింది. అవి కరిగి చిన్నవవుతుంటే కొత్తవి వేసేది. మూత తీయగానే వాసన ముక్కు బద్దలుకొడితే గానీ ఆవిడకి నమ్మకం కుదిరేది కాదు.

మనవడు పుట్టాడు. నాలుగో రోజు ఇంటికి తెచ్చేసరికి బయట ఎముకలు కొరికే చలి. ఊలత్త పెట్టె తెరిచి వాడికి టోపీ పెట్టి, దుప్పటి చుట్టబోయింది.

"అత్తయ్యా, వాసన మరీ ఘాటుగా ఉంది. ఒకసారి ఉతికి వేద్దామా?" అంది కోడలు నెమ్మదిగా.

"ఈ మబ్బులో ఉతికితే వారానికి కూడా ఆరవు. అందాకా వాణ్ణి చలికి వదిలేస్తామా? మీ ఆయన పెరిగింది వీటిలోనే. ఎలా దుక్కలా ఉన్నాడో చూడు!"

కోడలు నవ్వి, దుప్పటి చుట్టడానికి తనూ ఓ చెయ్యి వేసింది.

రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజు పొద్దున పిల్లాడు పాలకి లేవలేదు. అరికాలు గిల్లితే చిన్నగా మూలిగి మళ్లీ కళ్లు మూసుకున్నాడు. కోడలు వాణ్ణి వెలుతురులోకి తెచ్చింది.

"అత్తయ్యా, వీడి కళ్లు చూడండి."

తెల్లగుడ్లు పచ్చగా ఉన్నాయి. తడిసిన గుడ్డ మీద మరక టీ డికాషన్ రంగులో ఉంది. కొడుకు బస్సు డ్యూటీలో ఉన్నాడు. అత్తాకోడళ్లిద్దరే దొరికిన బండెక్కి ఆసుపత్రికి పరిగెత్తారు.

డాక్టరమ్మ దుప్పటి విప్పబోతూ ఆగింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"ఈ బట్టలు ఎక్కడ దాచారు?"

కోడలు అత్తగారి వంక చూసింది. ఊలత్త ఓ అడుగు ముందుకేసింది.

"పెట్టెలోనమ్మా. కలరా ఉండలేసి. నేనే వేశాను. ఉతుకుదామని కోడలుపిల్ల అడిగింది, నేనే వద్దన్నాను."

డాక్టరమ్మ ఆ బట్టలన్నీ తీయించి, పిల్లాడి ఒళ్లు కడిగించి, రక్తం పరీక్షకి పంపింది. "కొందరు పిల్లల రక్తం పుట్టుకతోనే ఈ ఉండల ఆవిరికి తట్టుకోలేదు. కణాలు చితికిపోయి కామెర్లొస్తాయి. మీవాడికీ అదేనని నా అనుమానం. లైటు కింద పెడుతున్నాం. కామెర్లు ఇంకా పెరిగితే మెదడుకి ప్రమాదం, అప్పుడు రక్తం మార్చాల్సి ఉంటుంది."

కొడుకు డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. ఇంకెవరైనా చెప్పేలోపే ఊలత్త తనే చెప్పేసింది.

"తెలిసి చేశావా ఏంటమ్మా," అన్నాడు. అని, బెంచీకి ఆ చివర కూర్చున్నాడు. ఆ మధ్య ఖాళీ చూసి ఆవిడకి ప్రాణం చివుక్కుమంది.

గంటలో మూడుసార్లు పంపు దగ్గరికెళ్లి చేతులు రుద్దుకుంది. వాసన పోయినట్టే ఉంటుంది, కాసేపటికి మళ్లీ ఉన్నట్టే ఉంటుంది. పిల్లాణ్ణి పెట్టిన గది అద్దం దాకా మాత్రం వెళ్లలేదు.

మధ్యాహ్నం కామెర్లు పెరిగాయన్నారు. నాలుగింటికీ పెరిగాయి. రక్తం సిద్ధం చేయిస్తూ కొడుకు చేత సంతకం పెట్టించుకున్నారు. ఆరింటికి నర్సు వచ్చి, "కాస్త దిగింది. రక్తం ఇప్పుడే మార్చక్కర్లేదు, చూద్దాం," అంది. ఆ 'చూద్దాం' పట్టుకునే ముగ్గురూ తెల్లారేదాకా కూర్చున్నారు.

పొద్దున ఇంకా దిగింది. పిల్లాడు కేరుమని ఏడ్చి పాలు తాగాడు. పరీక్షల్లో డాక్టరమ్మ అనుమానమే నిజమైంది. వాడికి పడని మందుల జాబితా రాసిచ్చి, అయిదో రోజున ఇంటికి పంపారు.

గుమ్మంలో కోడలు పిల్లాణ్ణి అందించబోతే ఊలత్త వెనక్కి జరిగింది.

"ఎత్తుకోండి అత్తయ్యా. కోపం లేదని అబద్ధం చెప్పను. కానీ అక్కడ మీరు నిజం దాచి ఉంటే వీడేమయ్యేవాడో."

అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది ఆవిడ.

పెట్టెని కొడుకు అప్పటికే ఇంట్లోంచి తీయించేశాడు. ఎన్నిసార్లు ఉతికినా వాసన వదలని దుప్పటినీ తర్వాత పారేశారు. వాసన వదిలి మిగిలిన ఉన్ని బట్టలు చలికాలం చివర్లో కోడలు ఉతికి, చెమ్మ లేకుండా ఆరబెట్టింది. చెమట, పాల మరకలున్న చోటే పురుగు ముందు కొరుకుతుందని కుట్లన్నీ బ్రష్షుతో దులిపింది. గాలి దూరని సంచుల్లో కట్టి, పురుగూ దాని గుడ్లూ చచ్చేలా రెండు వారాలు ఫ్రీజర్‌లో పెట్టింది.

"చలి బట్టలకే చలి పెట్టిస్తున్నారా!" అని కొడుకు నవ్వాడు.

ఊలత్త నవ్వలేదు. "ఫ్రీజర్ తలుపు సరిగ్గా పడిందో లేదో ఇంకోసారి చూడరా," అంది.